రేవులో చదువుకు సర్టిఫికెట్

అమెరికాలో 1972లో మొదలైన ఐఐసీఆర్సీ అనే సంస్థ సోఫాల గుడ్డలు, పరదాలు శుభ్రం చేసేవాళ్లకు శిక్షణ ప్రమాణాలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది. ఆ చదువులో అసలు పాఠం, బట్ట ఏ పోగుతో నేసిందో ముందు తేల్చుకోవడం. నూలు క్షారాన్ని తట్టుకుంటుంది, పట్టు, ఉన్ని తట్టుకోవు.

ఈ సంగతి మన చాకిరేవులో ఎవరికి తెలీదు? నూలుబట్టల్ని చవుటినీళ్లలో ముంచి ఉబ్బకు పెట్టే చాకలి తల్లి పట్టుచీరను అందులో వెయ్యదు. నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు ఎన్ని ఉతుకులకూ పోదని ఆమెకు తెలుసు (ఇంగ్లీషువాళ్లు ఆ గింజను ధోబీ గింజ అనే పిలిచారు). అక్కడ ఇది టెక్నీషియన్ విద్య. ఇక్కడ మాత్రం కులవృత్తి, మైలబట్ట ముట్టిన మనిషే మైల. ఉత్తరాదిన పలుచోట్ల ధోబీలు షెడ్యూల్డు కులం, మన దగ్గర బీసీలు. జాబితా ఏదైనా మోసేది అదే మూట.

2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. మంచిదే. కాని ముప్పయ్యేళ్లు రేవులో నిలబడ్డ మనిషిని కాగితం మీద ప్రశ్నలడిగితే ఆమెకొచ్చిన విద్య బయటపడుతుందా? పరీక్ష చేతిపనిలో, నోటిమాటగా, తెలుగులో జరగాలని మేం అడుగుతున్నాం. పరీక్షించేవాళ్లలో రేవు మనుషులుండాలి. ఆస్పత్రులు, హాస్టళ్లు బట్టల కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్టుకు తగిన కూలిరేటు అందులో రాయాలి.