ప్రకటనల రచన జీవనోపాధి కాగలదా?

పత్రికలో సబ్బు ప్రకటనను చూచి మనము పుట త్రిప్పివేయుదుము. ఆ నాలుగు మాటలు వ్రాసినవాడు ఆ పనినే జీవితాంతము నమ్ముకొనవచ్చునా అను ప్రశ్న మనకు తోచదు. అతని పేరు అందు ఉండదు గదా!

చిరకాలము నిలిచినవారు లేకపోలేదు. పీయూష్ పాండే 1982లో ఓగిల్వీ సంస్థలో చేరి నాలుగు దశాబ్దములకు పైగా అందే పనిచేసిరి. 1966లో సిల్వెస్టర్ డకున్హా ఆరంభించిన అమూల్ వెన్న ప్రకటనలను పిదప వారి కుమారుడు నడపినారు.

అయినను వీరిని చూచి లెక్క కట్టరాదు. ప్రకటన సంస్థ జీతములిచ్చునది వర్తకులు చెల్లించు సొమ్ముతోనే. పెద్ద వర్తకుడొకడు వేరొక సంస్థకు తరలిపోయినచో, వాక్యమెంత బాగున్నను, వ్రాసినవాని కుర్చీ కదలును. తెలుగు రచయితకు ఈ చిక్కు ఇంకను ఎక్కువ. బొంబాయిలో హిందీలోనో ఇంగ్లీషులోనో పుట్టిన వాక్యమును తెనిగించుటయే తరచుగా అతని పాలబడును. దానికి నెలజీతము కాదు, పనికింత అని ప్రతిఫలము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఆ తెనిగింపునకు యంత్రము పోటీకి వచ్చినది.

కాని గుంటూరు గృహిణి కారము కొనునపుడు ముందుగా రంగు చూచునా, ఘాటు చూచునా అని అంగడిలో నిలిచి కనిపెట్టు రచయితను వర్తకుడు సులభముగా వదలుకొనడు. కావున ఈ పనిలో ప్రవేశింపగోరువారు విత్తనములో, మందులో, ఏదో యొక సరకును లోతుగా తెలిసికొనుటయు, రాబడిలేని నెలలకై కొంత వెనుకవేయుటయు అవసరమని మా అభిప్రాయము.