ల్యాప్‌టాప్‌లో రెండో ఓఎస్ వేశాక ఫ్రీజ్ అవుతోందా? టచ్‌ప్యాడ్ కదలట్లేదా? షాపుకు తీసుకెళ్లే ముందు ఇవి చూసుకోండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకంటే పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు మిగిలిన దారుల్లో ఒకటి.. విండోస్‌ను అలాగే ఉంచి, పక్కనే ఉబుంటు లేదా లినక్స్ మింట్ వేసుకోవడం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. ఖర్చు లేదు, పాత మెషీన్ కూడా చురుగ్గా పనిచేస్తుంది. కానీ కొందరికి రెండు తిప్పలు ఎదురవుతాయి. ఒకటి స్క్రీన్ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, రెండోది టచ్‌ప్యాడ్ మొరాయించడం.

హైదరాబాద్‌లో అయితే వీధి చివర రిపేర్ షాపు ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో అలా కాదు. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం ఇంకో 120 కిలోమీటర్లు. షాపులో "మొత్తం ఫార్మాట్ కొట్టాలి" అంటే ఫొటోలు, సర్టిఫికెట్లు, చదువుకునే నోట్స్ అన్నీ పోయినట్టే. అందుకే ముందు ఇంట్లోనే అసలు తేడా ఎక్కడుందో తేల్చుకోవాలి.

తప్పు ఓఎస్‌దా? మెషీన్‌దా?

రెండు ఓఎస్‌లు ఉండటమే ఇక్కడ పెద్ద ప్లస్. లినక్స్‌లో టచ్‌ప్యాడ్ పనిచేయకపోతే, రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే పార్ట్ పాడవలేదు, చాలావరకు డ్రైవర్ లేదా సెట్టింగ్ సమస్యే. రెండింట్లోనూ పనిచేయకపోతే హార్డ్‌వేర్‌పై అనుమానపడాలి. ఫ్రీజ్‌కు కూడా ఇదే పరీక్ష. ఈ ఒక్క చెకింగ్‌తో అనవసరమైన బస్ ఛార్జీ, ఫార్మాట్ రెండూ తప్పుతాయి.

స్క్రీన్ ఆగిపోతే వెంటనే పవర్ బటన్ నొక్కొద్దు

సగం రాసిన ఫైల్ పాడయ్యేది అక్కడే. ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైట్ వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ బతికే ఉంది, స్క్రీన్ మాత్రమే ఇరుక్కుంది.

అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల స్క్రీన్ వస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే సేఫ్‌గా రీస్టార్ట్ అవుతుంది.

అదీ రాకపోతే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కీలు పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను ఒక్కోటి రెండు సెకన్ల తేడాతో నొక్కాలి. ఎస్‌తో డేటా డిస్క్‌లోకి చేరుతుంది, యూతో డిస్క్ సేఫ్ అవుతుంది, బీతో రీస్టార్ట్ అవుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి వస్తుంది. పవర్ బటన్ చివరి అస్త్రం మాత్రమే.

పదే పదే ఫ్రీజ్ అవడానికి కారణాలివే

ర్యామ్ చాలకపోవడం: 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఏ ఓఎస్ అయినా ఆగుతుంది. సిస్టమ్ మానిటర్ తెరిచి చూస్తే మెమరీ నిండిందో లేదో తెలిసిపోతుంది.

గ్రాఫిక్స్ డ్రైవర్: ఎన్విడియా కార్డు ఉంటే మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, రికమెండెడ్ అని ఉన్నది వేసుకోవాలి.

కొత్త అప్‌డేట్: అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే, ఆన్ చేసినప్పుడు వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకోండి. కెర్నల్ అంటే ఓఎస్‌కు గుండెకాయ లాంటిది. పాతదాంతో బాగుంటే తప్పు కొత్తదానిదే.

వేడి: భద్రాచలం, కొత్తగూడెం ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మంచం మీద, దిండు మీద పెడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్ల మీద పెట్టి వాడండి, ఫ్యాన్ దుమ్ము దులిపించండి.

కరెంట్ కోత: బ్యాటరీ వీక్‌గా ఉన్న ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే ఓఎస్ సగంలో ఆగిపోతుంది. గాలివాన సూచన ఉన్నప్పుడు అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు.

టచ్‌ప్యాడ్‌కు ఈ నాలుగు చూడండి

1. పొరపాటున ఆఫ్ అయిందేమో చూడండి. ఎఫ్ఎన్ కీతో పాటు టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ నొక్కండి.

2. సెట్టింగ్స్‌లో ట్యాప్ టు క్లిక్ ఆఫ్‌లో ఉంటే, తడితే క్లిక్ అవదు. టైప్ చేసేటప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోయే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పాడైందని పొరబడతాం.

3. ఛార్జర్ పెట్టినప్పుడే కర్సర్ ఎగిరెగిరి పడుతోందా? ఛార్జర్ తీసి చూడండి. అప్పుడు కుదురుగా ఉంటే ఇంటి వైరింగ్‌లో ఎర్తింగ్ లేకపోవడమో, ఛార్జర్ బాగోకపోవడమో కారణం కావచ్చు. పాత ఇళ్లలో, టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ సాకెట్ వాడాలి.

4. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా? క్లిక్ బిగుసుకుపోయిందా? లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇది ప్రమాదం. వెంటనే ఆఫ్ చేసి, ఛార్జింగ్ ఆపేసి, బ్యాటరీ మార్పించాలి. ఈ ఒక్కదానికి మాత్రం షాపుకు వెళ్లాల్సిందే.

అప్పటిదాకా పని ఆగకుండా యూఎస్‌బీ మౌస్ పెట్టుకోవచ్చు. అదీ లేకపోతే విండోస్ గుర్తున్న కీ, ట్యాబ్, బాణం గుర్తులు, ఎంటర్‌తో నడిపించొచ్చు.

చాలామంది మర్చిపోయే ఫాస్ట్ స్టార్టప్

విండోస్‌ను షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్‌లోకి వెళ్తే డీ డ్రైవ్‌లో ఫైళ్లు సేవ్ కావు. కొన్ని మెషీన్లలో వైఫై, టచ్‌ప్యాడ్ కూడా సరిగా మేల్కోవు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్ల సెట్టింగ్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

టౌన్‌కు వచ్చినప్పుడే ఇవి సిద్ధం చేసుకోండి

సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లో 3 జీబీ దాకా ఉండే మింట్ ఫైల్ దిగడం కష్టం. భద్రాచలమో కొత్తగూడెమో వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను బూటబుల్‌గా చేసుకోండి. దాంతో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ తెరవొచ్చు, హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌తో నడిపినప్పుడు ఫ్రీజ్ రాకపోతే మెషీన్ బాగున్నట్టే లెక్క.

ఒక జాగ్రత్త. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్ సెట్టింగ్స్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు. ముందే ఆ కీని కాగితం మీద రాసి దాచుకోండి.