రేడియో పెట్టెలో దాగిన శక్తులు

పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. చెట్టులో మందు లేక కాదు. నిత్యం కంటబడే వస్తువును పరీక్షించి చూచే ఓపిక మనకు లేక. రేడియో విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. మన గోదావరి మండలాలలో పంచాయతీ అరుగులమీద, కాఫీ హోటళ్లలో, కొబ్బరితోటల కాపలా పాకలలో దశాబ్దాలపాటు రేడియో మ్రోగింది. మీట నొక్కితే పాట, మర త్రిప్పితే వార్తలు. అంతకుమించి ఆ పెట్టెలో ఏమున్నదని అడిగినవారు మాత్రం అరుదు.

అడిగిన ఆ కొద్దిమందిలో ముందువరుసలోనివారు ఔత్సాహిక రేడియో సాధకులు. లోకం వారిని ‘హామ్’లు అంటుంది. వ్యాపారం కోసం గాక, విద్యకోసమూ వినోదంకోసమూ తమ ఇంటినుండే ప్రసారం చేసి, దేశదేశాలలోని తోటి సాధకులతో సంభాషించడం వీరి వ్యాసంగం. మన దేశంలో 12 ఏండ్లు నిండినవారెవరైనా ప్రభుత్వం పెట్టే పరీక్షలో కృతార్థులై, అనుమతి పొంది ఇందులో ప్రవేశింపవచ్చును. హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసిన పిమ్మట తెలుగునాట ఈ విద్యకు ఒక ఆలంబనం ఏర్పడింది.

ఉన్న యంత్రంలో లేదనుకొన్న గుణాన్ని వెలికితీయడం ఈ సాధకులకు మొదటినుండీ అలవాటు. 1945లో ప్రపంచయుద్ధం ముగియగానే అమెరికా యుద్ధవిమానాలలోని ‘కమాండ్ సెట్లు’ అనే రేడియోలు పాతసామాను క్రింద చవుకగా అమ్ముడుపోయినవి. ఇంటికి తెచ్చి చూచుకొంటే, ధ్వనిని హెచ్చించి తగ్గించే మర వాటిపై కనిపించలేదు. ఆ మరలు విమానంలో చోదకుని చేతికందే వేరొక పెట్టెలో ఉండేవి. పైగా అవి 28 వోల్టుల విమాన విద్యుత్తుకు అమర్చినవి. సాధకులు నిరాశ చెందలేదు. తీగల వెంట వెళ్లి, దేని పని ఏదో తెలుసుకొని, మరలు తామే అమర్చుకొన్నారు.

వాటిలో బి.సి. 453 అనే సెట్టు 190 నుండి 550 కిలోహెర్ట్జ్‌ల వరకు మాత్రమే వింటుంది. ఔత్సాహికుల ప్రసారాలేవీ నాడు ఆ మేరలో లేవు. అందుచేత అది పనికిమాలినదని తోచడం సహజం. కాని ఒక రహస్యం ఉన్నది. సాధారణమైన రేడియోలు అనేకం తాము పట్టిన ప్రతి కేంద్రాన్నీ లోపల 455 కిలోహెర్ట్జ్‌లకు మార్చుకొని, ఆ పిమ్మటనే వినిపిస్తవి. ఆ 455, బి.సి. 453 వినగల మేరలోనే ఉన్నది గదా! పెద్ద రేడియో కడుపులోని ఆ తరంగాన్ని దీనికి అందించగా, ఒకదానిపై ఒకటి పడి గోలచేసే కేంద్రాలను ఇది విడదీసి స్పష్టంగా వినిపించింది. పనికిరాదన్న పెట్టె ప్రతి సాధకుడూ కోరుకొనే పెట్టె అయింది.

ఈ 455 మహిమను మన బడిపిల్లలు కూడ స్వయంగా చూడవచ్చును. ముల్లు కదిలే పాతతరహా ట్రాన్సిస్టర్లు రెండు, బ్యాటరీలతో పనిచేసేవి కావలెను. నేటి సెట్లలో కొన్నింటి లోపలి ఏర్పాటు వేరు. రాత్రివేళ మొదటి సెట్టును మీడియం వేవ్‌లో 1,071 కిలోహెర్ట్జ్‌ల దగ్గర వినవచ్చే కేంద్రానికి త్రిప్పండి. రెండవదానిని దాని ప్రక్కనే ఉంచి, 616కు అటూ ఇటూ మెల్లగా కదపండి. మొదటి సెట్టులో ఒక ఈల పుడుతుంది. ముల్లు కదిలేకొద్దీ ఆ ఈల సన్నని స్వరంనుండి మంద్రానికి దిగి, మాయమై, తిరిగి పైకి లేస్తుంది.

కారణమేమి? 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన పద్ధతి ననుసరించి, రేడియో తన లోపల ఒక చిన్న తరంగాన్ని తానే పుట్టించుకొంటుంది. ఈ సెట్లలో అది మనం త్రిప్పిన అంకెకు 455 ఎక్కువగా ఉంటుంది. 616కు 455 చేర్చితే 1,071. ఆ తరంగం కొంచెం బయటికి పొక్కి, కేంద్రపు తరంగంతో కలిసి, రెండింటి భేదాన్ని ఈలగా వినిపిస్తున్నది. వినడానికే పుట్టినదనుకొన్న రేడియో, తెలియకుండానే అతిస్వల్పంగా ప్రసారం కూడ చేస్తున్నదన్నమాట! మోర్స్ సంకేతాలలో స్వరముండదు; తరంగం వచ్చి ఆగుతూ ఉంటుంది. దానికి ఈ ఈలను తోడు చేస్తేనే చెవికి అందుతుంది. షార్ట్ వేవ్ ఉన్న సెట్లు రెండు దొరికితే, ఒకదానిని ఔత్సాహికులు సంభాషించుకొనే 7,050 దగ్గరా, రెండవదానిని 6,595 దగ్గరా ఉంచి ఈ చోద్యం వినవచ్చును. వాల్వు రేడియోల మూతలు మాత్రం పిల్లలు తెరవరాదు. వాటిలో ప్రాణాపాయకరమైన వోల్టేజీ ఉంటుంది.

నేటి యంత్రాలలో రహస్యాలు తీగలలోనుండి మీటలలోకి మారినవి. యాయెసు కంపెనీవారి ఎఫ్.టి. 817 అనే చిన్న సెట్టులో ఏ, బీ, సీ మీటలు మూడూ ఒక్కసారి నొక్కిపట్టి పవర్ వేస్తే, తయారీదారులు దిద్దుబాటుకోసం ఉంచుకొన్న పట్టిక తెరుచుకొంటుంది. అందులోని అంకెలు ముందుగా కాగితంమీద వ్రాసుకొనక మార్చినవారు సెట్టును పాడుచేసుకొంటారు. మరికొన్ని సెట్లలో ఒక చిన్న డయోడును తీసివేస్తే, ఔత్సాహికులకు కేటాయించని తరంగాలపైన కూడ ప్రసారం సాగుతుంది. అది యంత్రానికి ఉన్న శక్తియే. మనకు ఉన్న హక్కు కాదు. ఆ తరంగాలు పోలీసులవి, విమానాలవి, ఓడలవి. తాళం తీయగలగడం వేరు, ఇల్లు మనది కావడం వేరు.

ఇదంతా వట్టి వేడుక అనుకొనేవారు 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని స్మరించాలి. నాడు కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి బెస్తగ్రామాలు ఘోరంగా దెబ్బతిన్నవి. కోనసీమలో కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్తు స్తంభాలు, టెలిఫోను స్తంభాలు నేలకూలినవి. అట్టి రాత్రి సెట్టును పూర్తిగా ఎరిగినవాని విలువ తెలుస్తుంది. 12 వోల్టుల మోటారుసైకిలు బ్యాటరీతో అది నడుస్తుందని, శక్తిని 5 వాట్లనుండి అర వాటుకు తగ్గిస్తే బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుందని, మాట చేరని దూరానికి కూడ మోర్స్ చేరవచ్చునని అతనికి తెలిసి ఉంటుంది. ఇవి తుపానునాడు నేర్చుకొనే పాఠాలు కావు.

2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారి బృందం అండమాను దీవులకు వెళ్లింది కూడ అక్కడినుండి ప్రపంచ ఔత్సాహికులతో సంభాషించే వేడుకకే. 26వ తేదీన సునామీ వచ్చి సమాచార సాధనాలు తెగిపోగా, ఆ యంత్రాలే దీవులలోనివారి క్షేమవార్తలను బయటి లోకానికి చేరవేసినవి. ఆనాడు యంత్రానికి కొత్త గుణమేదీ చేరలేదు. ఉన్న గుణాన్ని ఎరిగినవారు అక్కడ ఉన్నారు, అంతే.

తెలుగు పాఠం చెప్పేటప్పుడు మేము పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పి, ఆపైన ధ్వని ఉన్నదంటాం. అది పద్యంలో ఉన్నదే. చదువరి శ్రద్ధకొద్దీ పలుకుతుంది. యంత్రానికీ అట్టి ధ్వని ఉన్నది. ఉపాధ్యాయమిత్రులు అటకమీది పాత ట్రాన్సిస్టర్లు రెండు క్రిందికి దింపి, ఒక సాయంకాలం పిల్లలచేత ఆ ఈల వినిపించాలని నా కోరిక. 616కు 455 కలిపి చూచుకొన్న పిల్లవానికి పెరటిచెట్టు మళ్లీ వట్టి చెట్టుగా కనిపించదు.