గట్టు ఎక్కడుంది? అండమాన్‌లో నీటి ఒడ్డున భవనం కట్టాలంటే ముందు తేలాల్సిన లెక్క

పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన విశాలమైన నీటి పరపు కనిపిస్తుంది. కొత్తగా చూసినవారు దాన్ని పాత సరస్సే అనుకుంటారు. కానీ 2004 డిసెంబరు 26కు ముందు అక్కడ పొలాలు ఉండేవి. ఆనాటి మహా భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అలలు వెనక్కి వెళ్లాయి గానీ పోటు నీరు మాత్రం రోజుకు రెండుసార్లు వస్తూనే ఉంది. పంట పోయింది. ఆ ఉప్పునీటి మడుగుల్లో ఇప్పుడు అండమాన్ టీల్ అనే బాతు తిరుగుతోంది. ఈ దీవుల ప్రాంతంలో తప్ప అది మరెక్కడా కనిపించదు.

ఇలాంటి నీటి అంచున ఎవరైనా మూడంతస్తుల దుకాణాల సముదాయం కడతామని దరఖాస్తు పెట్టారనుకుందాం. ఫైలులో భూమి పత్రాలు, ప్లాను, రోడ్డు వెడల్పు, పార్కింగ్ లెక్క అన్నీ ఉంటాయి. వీటన్నిటికంటే ముందు తేలాల్సింది ఒకటుంది: ఒడ్డు ఎక్కడుంది? ఎన్ని మీటర్లు వదిలి కట్టాలన్న నిబంధన అంతా ఆ గీత నుంచే కొలుస్తారు.

హైదరాబాద్ చెరువుల గొడవల వల్ల ఎఫ్‌టీఎల్ అనే మాట తెలుగువారికి బాగా పరిచయం. చెరువు నిండి అలుగు పారేటప్పుడు నీరు నిలిచే మట్టమే పూర్తి ట్యాంకు మట్టం. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం నగర పరిధిలో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. అక్కడ ఎంత ఆక్రమణ జరిగినా అలుగు ఎత్తు తెలిస్తే సర్వేయరు గీతను తిరిగి పట్టుకోగలడు. సముద్రంతో కలిసిన నీటికి అలుగు లేదు. దాని మట్టాన్ని నిర్ణయించేది చంద్రుడు.

అందుకే తీర నియంత్రణ నిబంధనలు ‘గరిష్ఠ పోటు రేఖ’ను ఆధారంగా తీసుకుంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటుకు నీరు నేలమీద ఎంతవరకు వస్తుందో అదే ఆ రేఖ. స్థానిక పటాలు 1:4000 స్కేలులో ఉంటాయి, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద 40 మీటర్లు. మిల్లీమీటరు మందం పెన్సిలు గీత నాలుగు మీటర్లు మింగేస్తుంది. పటం చూసి సంతకం పెట్టడంతో సరిపోదు, మనిషి వెళ్లి మట్టం కొలవాల్సిందే.

సిప్పీఘాట్ లాంటి చోట మరో చిక్కు ఉంది. కాలువల వెంట లోపలికి వచ్చే నీటిలో ఎంతవరకు సముద్రమనాలి? దీనికి కొలత ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నిబంధనల్లో హద్దు వెయ్యికి 5 పాళ్లు, అదీ ఏడాదిలో అన్నిటికంటే పొడిగా ఉండే రోజుల్లో కొలవాలి. ఈ షరతు ఊరికే పెట్టలేదు. అండమాన్‌లో మే నుంచి డిసెంబరు దాకా వాన. వాననీరు ఉప్పును కిందికి నెట్టేస్తుంది. జూలైలో సీసా ముంచితే ‘ఇది మంచినీటి కాలువే’ అనే నివేదిక వస్తుంది. అదే కాలువలో మార్చిలో ముంచితే సముద్రం ఎదురవుతుంది. నమూనా తేదీ చూడకుండా ఉప్పు అంకెను నమ్మకూడదు.

ఇక గీత కదలడం సంగతి. నేల వాలు 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఉందనుకుంటే, నేల ఒక మీటరు కుంగగానే పోటు రేఖ 50 మీటర్లు లోపలికి వస్తుంది. 2004లో ఉత్తర అండమాన్ పడమటి తీరం దీనికి విరుద్ధంగా పైకి లేచింది. అక్కడ పగడపు దిబ్బలు నీటి నుంచి బయటపడి చనిపోయాయి. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. ఒకే ఉదయం ఒకే ద్వీప సముదాయంలో ఒడ్డు ఒకచోట ముందుకు, మరోచోట వెనక్కి జరిగింది. 2004కు ముందు గీసిన పటాన్ని పాతదని సరిపెట్టుకోలేం, అది తప్పు పటం. 2019 మార్చి నాటి ద్వీప తీర ప్రకటన, వదలాల్సిన దూరాన్ని చాలాచోట్ల తగ్గించింది. వదిలే మీటర్లు తగ్గేకొద్దీ గీత కచ్చితత్వం మీద భారం పెరుగుతుంది.

రికార్డుల్లో పొలం, కళ్లముందు మడుగు. ఏది లెక్క? 2017 చిత్తడి నేలల నిబంధనలు సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు శాశ్వత కట్టడాలను వద్దంటాయి. అయితే అవి రామ్‌సర్ జాబితాలోని, ప్రత్యేకంగా ప్రకటించిన చిత్తడి నేలలకే వర్తిస్తాయి. వాటి నిర్వచనంలో వరి పొలాలకు చోటు లేదు, తీర నియంత్రణ పరిధిలోని ప్రాంతాలనూ వదిలేశాయి. కాబట్టి మునిగిన పొలాన్ని కాగితం మీద పొలంగానే ఉంచితే ఏ రక్షణా అందదు. పోటు రేఖను కొత్తగా గీస్తే అది తీర నిబంధనల కిందికి వస్తుంది. పొలం పోయిన కుటుంబానికి రోడ్డు పక్కన మిగిలిన ఆస్తి ఆ స్థలమే, మట్టి పోసి ఎత్తు చేస్తే దానికి ధర వస్తుంది. వారి ఆశ అన్యాయమైనదేమీ కాదు. కానీ పోసిన మట్టి తొలగించిన నీరు పక్క స్థలంలోకి చేరుతుంది. పైగా దీవులు భూకంప ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. నీటితో తడిసిన వదులు ఇసుక గట్టిగా కుదిపితే కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది, మీద ఉన్న భవనం ఒరిగిపోతుంది.

వరుస తప్పితే ఏమవుతుందో కేరళలోని మరడులో తేలింది. వేంబనాడ్ కాయల్ ఒడ్డున 2006లో పంచాయతీ, తీర సాధికార సంస్థకు పంపకుండానే అపార్ట్‌మెంట్లకు అనుమతులిచ్చింది. జనం కొనుక్కుని కాపురాలు పెట్టారు. 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలను పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు.

అండమాన్‌లో ఇలాంటి ఫైలు చేతికొచ్చిన పంచాయతీ సభ్యుడికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. పోటు రేఖ ఏ ఏడాది సర్వేదో, ఉప్పు ఏ నెలలో కొలిచారో, మట్టి పోయకముందు స్థలం ఎత్తు ఎంతో అడగాలి. జవాబులు ఫైలులో లేకపోతే, అమావాస్య పోటు వేళ ఆ స్థలానికి వెళ్లి నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి మేకు దిగగొట్టి రావచ్చు.