కంప్యూటరు మన పేరునెట్లు పరీక్షించును?

పోయిన మాసమున మా మనుమడు పైథాన్ భాషలో నొక చిన్న దరఖాస్తుపత్రమును సిద్ధపఱచి, "తాతయ్యా, మీ పేరూ వయస్సూ కొట్టి చూడండి" అనెను. కంప్యూటరునకు పనులు నిర్దేశించు ఈ భాషను హాలండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించెను. నేను నా పేరును తెలుగులిపిలో కొట్టితిని. "అక్షరములు మాత్రమే వ్రాయవలెను" అని యంత్రము దానిని త్రోసివేసినది. ఏండ్ల తరబడి పిల్లలచే నక్షరములు దిద్దించిన నాకు ఈ మాట మిక్కిలి వింతగా తోచినది.

కారణము తెలియుటకు ముందు వయస్సు సంగతి చూతము. మనము 68 అని కొట్టినను పైథాను దానిని సంఖ్యగా గ్రహింపదు. ఆరు, ఎనిమిది యను రెండు గుర్తుల వరుసగానే గ్రహించును. దాని ప్రక్కన 2 అను మఱియొక గుర్తును చేర్చిన 70 కాదు, 682 అగును. కావున ప్రోగ్రాము వ్రాయువాడే దానిని సంఖ్యగా మార్పవలెను. ఎవరైన "అరువదియెనిమిది" అని మాటలలో వ్రాసినచో మార్పు సాగదు. జాగ్రత్తపడనిచో ప్రోగ్రాము అచ్చటనే నిలిచిపోవును. అట్టియెడ మరల నడుగునట్లు వ్రాయవలెను. సంఖ్యయైనంతనే చాలదు; 680 సంఖ్యయే గాని మనుష్యుని వయస్సు కాజాలదు. మన తెలుగంకెలలో ౬౮ అని కొట్టినను పైథాను చక్కగా మార్చుకొనుట చూచి సంతసించితిని.

చిక్కంతయు పేరునొద్దనే. ప్రపంచమందలి లిపులకు సంకేతసంఖ్యల నేర్పఱచిన యూనికోడ్ పట్టికలో మన అచ్చులును హల్లులును అక్షరవర్గమున నున్నవి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు వేఱుగా చిహ్నవర్గమున నున్నవి. "అన్నియు నక్షరములేనా?" యని యడుగు పైథాను పరీక్ష "రమ" నంగీకరించి "రామ"ను నిరాకరించును, నడుమ దీర్ఘమున్నది గదా! "లక్ష్మి" మనకు రెండక్షరములు. ఆ లెక్కలో ఏడు గుర్తులు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే సరిచూచుకొనువానికి ఈ దోషమెన్నడును కానరాదు. ఇట్టి పరీక్షను పింఛను దరఖాస్తునకు పెట్టినచో, తెలుగున పేరు వ్రాసిన ముదుసలి తానే తప్పు వ్రాసితినని వగచి మరలిపోవును.

మనుమడు చిహ్నములను గూడ నంగీకరించునట్లు దిద్దెను. ఇంటిపేరు పొడియక్షరము వెంట చుక్కను, పదముల నడుమ ఖాళీని ననుమతించెను. లక్ష్మి నెగ్గినది. "రాజ్‌కుమార్" మరల నోడినది! జకారపు పొల్లు తరువాతి కకారముతో కలిసి వత్తు కాకుండుటకై యచ్చట కంటికగపడని గుర్తొకటి యుంచెదరు. అది అక్షరమును గాదు, చిహ్నవర్గమునను లేదు. వానికి విసుగు పుట్టి, పేరును పూర్తిగా ఖాళీగా విడిచినచో మాత్రమే త్రోసివేయునట్లు మార్చెను. నా మట్టుకు అదియే సరియని తోచినది.