మీకు తెలుసా? కరువులో పన్నెండు కడవలు

ఎండాకాలం అనంతపురంలో ట్యాంకరు కోసం కాచుకున్నవాళ్లకి పన్నెండు కడవలంటే ఎన్ని నీళ్లో చెప్పనక్కర్లేదు. వరుసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెలు, గుర్తుకోసం వాటి మెడలకి కట్టిన గుడ్డపీలికలు. ఇంటికి నాలుగు దక్కితే ఆ పూట గడిచినట్టే. బైబిల్లోని ఏలీయా ప్రవక్త మూడేళ్ల కరువులో పన్నెండు కడవల నీళ్లని అందరూ చూస్తుండగా కట్టెల మీద పోయించాడు!

కథ మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. కర్మెలు కొండమీద ఒకపక్క 450 మంది బయలు ప్రవక్తలు, ఇంకోపక్క ఏలీయా ఒక్కడే. ఎవరి దేవుడు బలిపీఠం మీదికి నిప్పు పంపితే ఆయనే దేవుడని పందెం. (తెలుగు బైబిల్లో ఈ ‘బయలు’ కనానీయుల దేవుడి పేరు. మన బయలాటతో సంబంధం లేదు.) ఆ బయలు వానలకీ ఉరుములకీ అధిపతని వాళ్ల నమ్మకం. అంటే సాక్షాత్తూ వానదేవుడి మనుషులే కరువులో పరీక్షకి నిలబడ్డారన్నమాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచారు, ఒళ్లు కోసుకున్నారు. ఏలీయా మాత్రం నాలుగు కడవలు మూడుసార్లు పోయించి, చుట్టూ తవ్విన కందకం కూడా నింపించాడు. చాటున నిప్పు దాచాడన్న అనుమానానికి తావు లేకుండా పోయింది. తర్వాత చేసిన ప్రార్థన రెండే వచనాలు. నిప్పు దిగింది. ఇంతకీ ఆ నీళ్లెక్కడివి? బైబిల్ చెప్పదు. దగ్గర్లోనే మధ్యధరా సముద్రం ఉంది కాబట్టి ఉప్పునీళ్లేమో అని కొందరి ఊహ.

కరువులో నీళ్లు పోయడం మన పల్లెల్లోనూ ఉంది, అయితే వాన అడగడానికి. రోకలికి వేపమండలతో పాటు కప్పని కట్టి ఇల్లిల్లూ తిప్పితే, ప్రతి గడపలోనూ దానిమీద చెంబెడు నీళ్లు పోస్తారు. అది సవాలు కాదు, పైవాడికి గుర్తుచేయడం.

వానకోసం మహాభారతంలోని విరాటపర్వం చదివించడమూ ఉంది. అదే ఎందుకంటే, ధర్మరాజున్న దేశంలో వానలు సరిగ్గా కురుస్తాయని భీష్ముడు చెప్పేది అందులోనే. వాన వెనకబడితే ముస్లింలు ఊరిబయట చేసే ప్రత్యేక నమాజులో ఇమాము పై వస్త్రాన్ని తిరగేసి కప్పుకుంటాడు. ఖురాన్‌లో ఇల్యాస్‌గా కనిపించే ప్రవక్త ఈ ఏలీయానే. బయలుని నిలదీయడం అక్కడా ఉంది.

కర్మెలు కొండమీద నిప్పుకోసం అందరి ముందూ గొంతెత్తిన ఏలీయా, ఆ తర్వాత వానకోసం మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. నోరు తెరిచి ఏమన్నాడో రాయలేదు. సముద్రం వైపు చూసి రమ్మని సేవకుణ్ణి పంపితే, ఏడోసారికి అరచేయంత మబ్బు కనిపించింది. తర్వాత జడివాన.

అనంతపురంలో జూన్, జులైల్లో అరచేయంత మబ్బులకి కొదవ లేదు. పడమటి కనుమలు తడి పిండుకోగా మిగిలిన మబ్బులవి. రామగిరి కొండల మీద గాలిమరల్ని తిప్పే గాలే వాటిని తూర్పుకి తోసుకుపోతుంది. ఆ సేవకుణ్ణి ఇక్కడ నిలబెడితే మొదటిసారికే మబ్బుందని చెప్పి ఉండేవాడు.