గేరుకీ గేరుకీ మధ్య నిట్టూర్పు

గేరు మార్చడానికి డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. బానెట్ కింద ‘ప్ష్‌ష్’మని చప్పుడు, అరక్షణం. ఆ అరక్షణం కోసమే టర్బో పెట్రోలు కార్ల ప్రేమికులు వాల్వులు మార్పిస్తారు.

పొగగొట్టంలో వృథాగా పోయే శక్తితో ఇంజనుకు మరింత గాలి పట్టించే ఉపాయానికి స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి పేటెంటు 1905 నాటిది. పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం కొలిమి తిత్తిలా గాలి ఊదుతుంది. ఇదే టర్బో. 1920లలో అది ఓడలెక్కింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్‌లతో కార్లలోకి దిగింది. అయితే టర్బో ఉన్న ప్రతి బండీ నిట్టూర్చదు. డీజిలు ఇంజను జోరును పోసే డీజిలుతోనే అదుపు చేస్తారు, గాలిదారికి తలుపు వేసి కాదు. మన రోడ్ల మీది టర్బో డీజిలు బళ్లు ఈ నిట్టూర్పు విడవకపోవడానికి కారణం అదే.

పెట్రోలు ఇంజనుకు ఆ తలుపు ఉంది, థ్రాటిల్. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతున్న చక్రం గాలిని నెడుతూండగా తలుపు మూసుకుంటే? దారిలేని గాలి వెనక్కి తిరిగి ఆ చక్రం రెక్కల మీదే పడుతుంది. ‘స్తుతుతు’మని కొట్టుకుంటుంది. టర్బో వేగం పడిపోతుంది, బేరింగుల మీద భారం పడుతుంది. అందుకే థ్రాటిల్‌కు ముందు స్ప్రింగు బిగించిన చిన్న మూత ఉన్న వాల్వు పెట్టారు. థ్రాటిల్ మూసుకోగానే ఇంజను వైపు గాలి పలచబడుతుంది. ఆ పీల్పు సన్నని గొట్టం ద్వారా మూతను పైకి లాగుతుంది, కింద బిగిసిన గాలి నెడుతుంది. మూత తెరుచుకుంటుంది. చాలా కార్లలో ఆ గాలిని టర్బో నోటికే తిప్పి పంపేస్తారు కనుక బయటికి పెద్దగా వినబడదు.

శబ్దం కావాలనుకునేవారు ఆ తిరుగు గొట్టం తీసేసి గాలిని బయటికి వదిలేస్తారు. సన్నని సందులోంచి దూసుకొస్తే ఈల, వెడల్పు నోటిలోంచి వస్తే బరువైన బుస. జపాను కంపెనీ హెచ్‌కేఎస్ చేసే వాల్వులో మూతలు రెండు: చిన్నది ముందు, పెద్దది తర్వాత తెరుచుకుంటాయి. స్ప్రింగు మరీ బిగిస్తే మూత ఆలస్యంగా లేస్తుంది, మళ్లీ ‘స్తుతుతు’ మొదలవుతుంది. చాలామందికి అదే సంగీతం. నాకు మాత్రం ఆ రెక్కల మీద జాలి వేస్తుంది.

ఈ మార్పుతో కారుకు అదనపు బలమేమీ రాదు. పైగా ఒక చిక్కు. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి కార్లలో లోపలికొచ్చే గాలిని సెన్సరు ముందే కొలుస్తుంది. కొలిచిన గాలి బయటికి పోయిందని కంప్యూటరుకు తెలియదు, దానికి సరిపడా పెట్రోలు చిమ్ముతుంది. గేరుకోసారి నల్లటి పొగ, కుదుపు. పీడనం చూసి లెక్కకట్టే ఇంజన్లకు ఈ బాధ అంతగా లేదు.

చప్పుడు వినాలనే ఉంటే నేను తిరుగు గొట్టం జోలికి పోను. గాలి ఫిల్టరు చుట్టూ ఉన్న మూసిన డబ్బా తీసి, బయటికి కనబడే ఫిల్టరు పెడితే వాల్వు తిప్పి పంపిన గాలి ఊపిరి అందులోంచే వినబడుతుంది. సెన్సరు కూర్చున్న గొట్టం వెడల్పు మాత్రం మారకూడదు.